ఎయిర్‌బ్యాగ్ పర్యవేక్షణాధికారి

మా కార్యాలయం పేరు జిల్లా భద్రతా ప్రబోధక సంస్థ. భద్రత కల్పించడం మా పని కాదు, దాని గురించి చెప్పడం వరకే మా పని. ఈ రెంటికీ తేడా తెలియక కొత్తలో నేను కొంత ఇబ్బంది పడ్డాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. ప్రభుత్వ కాగితం మీద ఫలానా పని చెయ్యమని ఉంటే, ఆ పని చెయ్యమనే దాని అర్థం అనుకునేవాణ్ణి.

సంస్థకు డైరెక్టరు పరాంకుశం గారు, సూపరింటెండెంటు శేషుకుమారి గారు, జూనియర్ అసిస్టెంటుగా నేను, డ్రైవరు మస్తానయ్య, ఒక పాత తెల్ల కారు. మాది సముద్రం ఒడ్డు ఊరు. ఉప్పుగాలికి ఆ కారు తలుపుల అంచులు అప్పడంలా పొరలు లేచిపోయాయి. డైరెక్టరు గారు మాత్రం అందులోనే, ముందు ఎడమ సీట్లో కూర్చుని, ఊరూరా తిరిగి భద్రత గురించి చెప్పేవారు.

ఒక రోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రాబోయే నెలను ‘పాత వాహనాల రీకాల్ పరిశీలనా మాసోత్సవం’గా జరపాలట. రీకాల్ అంటే ఏమిటో అందులో వివరంగానే రాశారు. కార్లు అమ్మేసిన చాలాకాలానికి, ఫలానా ఏడాది చేసిన బళ్ళలో ఫలానా భాగం సరిగా రాలేదని కంపెనీకి తెలుస్తుంది. అప్పుడు ఆ బళ్ళన్నిటినీ వెనక్కి పిలిచి, ఆ భాగాన్ని ఊరికే మార్చి ఇస్తుంది. కానీ బండి ముగ్గురు నలుగురి చేతులు మారాక ఆ పిలుపు ఎవరికీ అందదు. అందువల్ల పాత కార్లున్నవాళ్ళు ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి, తమ బండికి అలాంటి పిలుపు ఏదైనా మిగిలి ఉందేమో చూసుకోవాలి. ఇంతే విషయం.

పరాంకుశం గారు మమ్మల్ని పిలిచి సమావేశం పెట్టారు.

“ఈ మాసోత్సవాన్ని ఒక ఉద్యమ స్ఫూర్తితో ముందుకు తీసుకుపోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. శేషుకుమారి గారూ, కార్యాచరణ ప్రణాళిక?”

“ర్యాలీ ఉంది సార్. బడి పిల్లలకి వ్యాసరచన ఉంది. ఆడవాళ్ళకి కారు ముగ్గు పోటీ పెడుతున్నాం. సైకిల్ ముగ్గు అందరూ వేసేశారు పోయినసారి.”

“బాగుంది. ఇంకా ఎవరైనా సూచనలు చేయవచ్చు.”

నేను లేచి నిలబడ్డాను. “మన కారు నంబరు కొట్టి చూడమంటారా సార్?”

పరాంకుశం గారు నావైపు తిరిగారు.

“మన కారెందుకయ్యా?”

“పాతదే కదా సార్.”

“చూడనివ్వండి సార్,” అన్నారు శేషుకుమారి గారు. “నివేదికలో ఒక గడి ఉంది. ఖాళీగా పంపిస్తే తిరిగొస్తుంది.”

మస్తానయ్య బానెట్ ఎత్తి, గుడ్డతో తుడిచి, నంబరు చెక్కిన చోటు చూపించాడు. దాని మీద టేపు అంటించి పెన్సిలుతో రుద్దితే అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటే తేలాయి. లోపలికొచ్చి కంప్యూటర్లో కొట్టాను. ఎర్ర అక్షరాల్లో సమాధానం వచ్చింది. ముందు ఎడమ సీటు ఎయిర్‌బ్యాగ్ మార్చవలసి ఉంది. బండి గుద్దుకున్నప్పుడు ఆ సంచిని నింపడానికి ఒక ఇనుప డబ్బాలో మందు ఉంటుంది. ఉక్క ఎక్కువున్న ఊళ్ళలో ఏళ్ళు గడిస్తే ఆ మందు పాడవుతుంది. అప్పుడది సంచిని నింపడం మానేసి, డబ్బాతో సహా పేలి, ఇనుప ముక్కల్ని ఎదురుగా కూర్చున్న మనిషి మెడ మీదికి విసరవచ్చు. మార్చేవరకు ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టవద్దని కంపెనీ కోరింది.

పరాంకుశం గారికి చదివి వినిపించాను. ఆయన తన మెడ ఒకసారి తడుముకున్నారు. తర్వాత ఆయన ముఖంలో క్రమంగా వెలుగు వచ్చింది.

“మిగతా జిల్లాల్లో ఎన్ని లోపాలు బయటపడ్డాయి?”

శేషుకుమారి గారు ఫోన్లు చేశారు. ఒక్కటీ లేదు. ఎవరూ నంబరు కొట్టి చూడలేదు.

“అంటే రాష్ట్రంలో మనమే ప్రథమం.”

మర్నాడు విలేకరుల సమావేశం జరిగింది. డైరెక్టరు గారు కారు పక్కన, ఎడమ తలుపుకు తగినంత దూరంలో నిలబడి ఫొటో దిగారు. వారం తిరక్కుండానే ‘లోప నిర్ధారణలో ప్రథమ స్థానం’ అని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నెలాఖరులో రాష్ట్ర బృందం వచ్చి మా కారులోని లోపాన్ని స్వయంగా పరిశీలిస్తుందని కూడా అందులో ఉంది. అప్పటివరకు ముందు సీట్లో కూర్చునే డైరెక్టరు గారు ఆ రోజు నుంచి వెనక సీటుకు మారారు. పేరు పెరిగినా ఆయనలో వినయం తగ్గలేదని శేషుకుమారి గారు అన్నారు.

లోపం దొరికింది కాబట్టి బాగు చేయించాలని నేననుకున్నాను. ఎవరూ వద్దనలేదు. నేనూ మస్తానయ్యా కారు తీసుకుని బైపాస్ పక్కనున్న కంపెనీ షెడ్డుకు వెళ్ళాం. ఆ దారిలో నేను వెనకే కూర్చున్నాను.

షెడ్డులో బళ్ళు తీసుకునే అమ్మాయి పేరు నస్రీన్. నంబరు చూడగానే, “కొత్తది వచ్చి ఉంది సార్. ముప్పావుగంట పని. డబ్బులేం కట్టక్కర్లేదు,” అని కారు తలుపు తీసింది. తీసి ఆగిపోయింది.

డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు ఉన్నాడు. అరచెయ్యంత ఇత్తడి విగ్రహం. అంతకు ముందు పనిచేసిన డైరెక్టరు గారు ఒక ఆయుధపూజనాడు పంతులు గారిని పిలిపించి, గుంటల రోడ్ల మీద కదలకుండా గట్టి బంక పోసి కూర్చోబెట్టారు. సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీద.

“సార్, స్వామిని తీసిస్తే మొదలుపెడతాం.”

“మీరు తీయరా అమ్మా?”

“కస్టమర్ల దేవుళ్ళని మేం ముట్టుకోకూడదు సార్. ఎవరి దేవుడైనా అంతే. బండివాళ్ళే తీసుకోవాలి.”

నేను మస్తానయ్య వైపు చూశాను. మస్తానయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

“నావైపు చూడబాకు అబ్బయ్యా. ఎనిమిదేళ్ళ నుంచి ఆయన్ని చూసుకునే బండి తోల్తన్నా. నేనైతే చెయ్యి పెట్టను.”

“పోనీ నేను తీస్తాను బాబాయ్. మా ఇంట్లో చవితి అయిపోయాక ప్రతి ఏడూ మా అమ్మే అక్షింతలేసి కదిలిస్తది.”

“అది మీ ఇంట్లో బొమ్మ. ఇది గవర్నమెంటు బండి. ముందు మేడానికి ఫోన్ చెయ్యి.”

చెయ్యకుండా ఉంటే బాగుండేది. చేశాను.

“ఎవరూ చెయ్యి పెట్టొద్దు,” అన్నారు శేషుకుమారి గారు. “ప్రభుత్వ ఆస్తి మీద ప్రతిష్ఠించిన విగ్రహం. మీ ఇష్టమొచ్చినట్టు పీకడానికి అదేమన్నా స్టిక్కరా? రండి వెనక్కి.”

ఆ సాయంత్రం రెండో సమావేశం జరిగింది. విగ్రహాన్ని ఎవరు ప్రతిష్ఠించారో దాన్ని బట్టి ఎవరు తీయాలో తేలుతుందని డైరెక్టరు గారు అన్నారు. ప్రతిష్ఠించినాయన రిటైరయ్యారు. కాబట్టి విగ్రహ వ్యవహారాల విభాగానికి రాసి, వాళ్ళ అనుమతి వచ్చేవరకు యథాతథ స్థితి కొనసాగించాలని తీర్మానం అయింది.

“మరి ఈలోగా కారు సార్?”

“కారు తిరగాలి. మాసోత్సవం నడుస్తోంది. భద్రత ఆగకూడదు.”

“అయితే ఆ సీటు ఖాళీగా ఉంచితే సరిపోతుంది సార్. కంపెనీ అదే చెప్పింది.”

పరాంకుశం గారు నావైపు జాలిగా చూశారు.

“అంకారావ్, నువ్వు పిల్లవాడివి. ఒక లోపాన్ని మనం అధికారికంగా గుర్తించాం. గుర్తించిన లోపాన్ని పర్యవేక్షణ లేకుండా వదిలేస్తే దాన్ని ఏమంటారు? నిర్లక్ష్యం అంటారు. రేపు అది పేలిందనుకో. ఆ సమయంలో అక్కడ బాధ్యుడైన ఉద్యోగి ఎవరున్నారని అడిగితే, సీటు ఖాళీ అని చెప్పుకోవాలా?”

“బాధ్యుడైన ఉద్యోగి అక్కడ లేకపోతేనే కదా సార్ మంచిది?”

“ఎవరికి?”

నాకు మంచిదని చెప్పుకోవడం బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు ఉత్తర్వు చేతికిచ్చారు. ‘విషయం తీవ్రత దృష్ట్యా, లోపాన్ని కనుగొనుటలో చూపిన శ్రద్ధను పరిగణనలోకి తీసుకుని, శ్రీ అంకారావును ఎయిర్‌బ్యాగ్ పర్యవేక్షణాధికారిగా అదనపు బాధ్యతలపై నియమించడమైనది. వాహనం కదులుచున్నంతసేపు వీరు సదరు ఎయిర్‌బ్యాగ్‌కు అభిముఖముగా ఆసీనులై దాని స్థితిగతులను గమనించుచుండవలెను.’ ఏదైనా అసాధారణ పరిస్థితి తలెత్తితే తక్షణమే నోటిమాటగానూ, ఆ తర్వాత రాతపూర్వకంగానూ తెలియజేయాలని కింద ఒక వాక్యం ఉంది.

ఆ సాయంత్రం మా అమ్మ పొగాకు ఆకు ఏరే గ్రేడింగు పని నుంచి వచ్చాక ఉత్తర్వు చదివి వినిపించాను. ఆమెకు ‘అధికారి’ అన్న మాట నచ్చింది. ఎదురింటి వాళ్ళకు కూడా చెప్పి వచ్చింది. అన్నం పెడుతూ అడిగింది.

“అంటే నువ్వేం చెయ్యాల్రా?”

“ముందు సీట్లో కూర్చుని చూస్తా ఉండాలమ్మా.”

“దేన్ని?”

“అది పేల్తదేమోనని.”

“పేలితే?”

“నోటిమాటగా చెప్పాలి.”

అమ్మ గరిటె ఆపింది. “మెడ మీదికొస్తదని నువ్వే కదరా అన్నావు మొన్న. ఏ నోటితో చెప్తావు?”

ఆ సంగతి నేను అప్పటిదాకా ఆలోచించలేదు. మర్నాడు డైరెక్టరు గారిని అడిగాను. పర్యవేక్షణాధికారి భద్రత సంస్థ బాధ్యతేనని ఆయన వెంటనే ఒప్పుకుని, మోటారు సైకిల్ హెల్మెట్ ఒకటి మంజూరు చేశారు.

అప్పటినుంచి రోజూ హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, వినాయకుణ్ణి చూస్తూ ప్రయాణం చేశాను. హెల్మెట్‌కు మెడ ఉండదు. అందుకని గడ్డం వీలైనంత కిందికి పెట్టుకునేవాణ్ణి. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన బండి ఆపి, “కారులో హెల్మెటేందయ్యా?” అని అడిగాడు. వెనక సీటులోంచి పరాంకుశం గారు అద్దం దించి, ఇది జిల్లా నమూనా అని వివరించారు. ఆయన సెల్యూట్ కొట్టాడు. రెండు జిల్లాల నుంచి మా నమూనా వివరాలు పంపమని కోరుతూ ఉత్తరాలొచ్చాయి. వాళ్ళ కార్లలో లోపం ఉందో లేదో వాళ్ళింకా చూడలేదు. హెల్మెట్లు మాత్రం కొన్నారు.

పదిరోజులకు విగ్రహ వ్యవహారాల విభాగం నుంచి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఆయన కారు చుట్టూ ప్రదక్షిణంగానే తిరిగి, ముందు తలుపు తెరిచి, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“మౌలికమైన ప్రశ్న ఒకటుంది,” అన్నారు. “ఇది చలవిగ్రహమా, అచలవిగ్రహమా?”

“అర్థం కాలేదండి,” అన్నారు డైరెక్టరు గారు.

“గర్భగుడిలో మూలవిరాట్టు ఉంటారు. కదలరు. అది అచలం. ఊరేగింపుకు వెళ్ళే ఉత్సవమూర్తి ఉంటారు. అది చలం. అచలమైతే కదిలించడానికి వీల్లేదు. చలమైతే కదిలించవచ్చు. ఇక్కడ విగ్రహం బంకతో స్థిరంగా ఉంది. కనక అచలం. కానీ గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో జిల్లా అంతా తిరుగుతోంది. కనక చలం.”

పరాంకుశం గారు ముగ్ధులయ్యారు. ఒక శాఖ పెద్దమనిషికి ఇంకో శాఖ పెద్దమనిషి మాట అంత హాయిగా అర్థం కావడం నేను చూడలేదు.

“పండితుల సంఘానికి నివేదిస్తాం,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. “తేలేవరకు యథాతథ స్థితి. అయితే మా విభాగం దృష్టికి వచ్చాక నిత్యధూపం తప్పకూడదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అగరుబత్తి వెలిగించాలి. పాదాల దగ్గరే గుచ్చండి.”

నేను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని అడిగాను. “సార్, పాదాల కిందే పాడైపోయిన మందు ఉంది. దాని మీద నిప్పు పెట్టడం...”

“అది మీ శాఖ పరిధిలోని విషయం. మాకు సంబంధించినంతవరకు ధూపం ధూపమే.”

పరాంకుశం గారు అక్కడికక్కడే నా బాధ్యతల్లో ధూపాన్ని చేర్చారు.

పెట్టె ఎవరు పెట్టారో నాకు తెలియదు. మూడోరోజుకల్లా గేరు రాడ్ పక్కన చిన్న హుండీ ఒకటి వెలిసింది. ఊళ్ళలో సభ జరుగుతుంటే జనం కారు దగ్గరే పోగయ్యేవాళ్ళు. పైన సర్కారువారి వినాయకుడు, ఎదురుగా ఇనుప టోపీ పెట్టుకుని తల వంచుకున్న మనిషి. నేను ఏదో మొక్కు మీద ఉన్నానని వాళ్ళు అనుకున్నారు. ఒక ముసలావిడ కిటికీలోంచి నా మోకాలికి దణ్ణం పెట్టింది. ఆ రోజు సభలో డైరెక్టరు గారు పాత కార్ల యజమానులంతా వెంటనే నంబరు కొట్టి చూసుకోవాలని గంటసేపు మాట్లాడారు. ఎక్కడ కొట్టాలో చెప్పడం మర్చిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు జరిగింది అది. కాలవ గట్టు మలుపులో గేదె ఒకటి రోడ్డెక్కింది. మస్తానయ్య గట్టిగా బ్రేకు తొక్కాడు. కారు జారుకుంటూ వెళ్ళి గేదెకు తగిలి ఆగింది. నా తల ముందుకు వెళ్ళి విగ్రహానికి కొట్టుకుంది. అగరుబత్తి విరిగి నా చొక్కా లోపలికి జారింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇప్పుడు పేలుతుంది అనుకున్నాను. ఏం తెలియజేయాలో ఒక్క మాట కూడా నోటికి రాలేదు.

పేలలేదు. గేదె మావైపు ఒకసారి చూసి కాలవలోకి దిగిపోయింది.

వెనకనుంచి డైరెక్టరు గారి గొంతు వినిపించింది. “విగ్రహం క్షేమమేనా?”

“క్షేమమే సార్,” అన్నాను.

“హుండీ?” అన్నారు ఆయన పక్కన కూర్చున్న శేషుకుమారి గారు.

“అదీ క్షేమమే మేడం.”

ఇంకేమైనా అడుగుతారేమోనని ఆగాను. అడగలేదు. నా ఛాతీ మీద బొబ్బ లేచింది. డైరెక్టరు గారు, జరిగిన సంఘటనలో ఎయిర్‌బ్యాగ్ ప్రవర్తన ఎలా ఉందో రేపు రాతపూర్వకంగా ఇమ్మన్నారు.

ఇంటికెళ్ళాక బొబ్బ మీద అమ్మ వెన్న రాసింది. అంతా రాశాక, “ఉద్యోగం మానమని నేను చెప్పను,” అంది. “ఆ సీటు మాత్రం నాకొద్దురా.”

నాకూ వద్దు. ఆ సంగతి నాకు అప్పటికి బాగా అర్థమైంది.

మర్నాడు డైరెక్టరు గారు రాజధానిలో సమావేశానికి రైల్లో వెళ్ళారు. నేను బల్ల మీద నివేదిక పెట్టాను. ‘ఎయిర్‌బ్యాగ్ ప్రవర్తన సంతృప్తికరము’ అని రాశాను. తర్వాత బయటికొచ్చి మస్తానయ్యతో, “బాబాయ్, బండి తియ్యి. షెడ్డుకి పోదాం,” అన్నాను.

“పర్మిషను?”

“రాలేదు.”

మస్తానయ్య కాసేపు నా మెడ వైపు చూశాడు. “నిన్న ఆ గేదె కాకండా లారీ అయ్యుంటే మీ అమ్మకి నేనే కదయ్యా చెప్పాల్సొచ్చేది,” అని తాళాలు తీసుకున్నాడు. దారిలో ఒక చోట ఆగి, వలలు అమ్మే కొట్లో గట్టి నైలాన్ దారం కొన్నాడు.

షెడ్డులో నేను చెప్పులు విప్పి, ఇంట్లోంచి తెచ్చిన అక్షింతలు వేశాను. “స్వామీ, కాసేపు పక్కన కూర్చో,” అని దణ్ణం పెట్టుకున్నాను. మా ఇంట్లో చవితినాడు అనేది అంతే. దారాన్ని అటు కొసా ఇటు కొసా పట్టుకుని నేనూ మస్తానయ్యా బంక కింద కోశాం. ముట్టుకోనన్న మనిషి దారం మాత్రం పట్టుకున్నాడు. కాఫీ తాగేంత సేపట్లో విగ్రహం చేతిలోకి వచ్చింది. నస్రీన్ ఉతికిన తెల్లగుడ్డ ఇచ్చింది. అందులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు పాత ఎయిర్‌బ్యాగ్ తీసి కొత్తది బిగిస్తుంటే చూశాను. చెప్పినట్టే ముప్పావుగంట పట్టింది.

“మళ్ళీ దాని మీద మాత్రం అంటించకండి సార్,” అంది నస్రీన్. “సంచి తెరుచుకుంటే స్వామి నేరుగా ముఖం మీదికొస్తారు. ఇంకెక్కడన్నా పెట్టుకోండి.”

స్వామిని డైరెక్టరు గారి గదిలో, కిటికీ పక్కనున్న గూట్లో పెట్టాం. పువ్వు కూడా పెట్టాం. వెళ్ళేటప్పుడు వెనక కూర్చున్నాను. వచ్చేటప్పుడు ముందు సీట్లో, హెల్మెట్ లేకుండా కూర్చున్నాను. గాలి బాగా వచ్చింది.

పరాంకుశం గారు తిరిగొచ్చిన రోజు ఆ గదిలో నేను నిలబడ్డాను. ఆయన చేతిలోని కాగితం చదివారు. అభియోగాలు మూడు.

“ఒకటి. విగ్రహం చలమా అచలమా అన్నది తేలకముందే దానిని చలింపజేసితివి. రెండు. అధికారికంగా గుర్తించబడి, ప్రశంసాపత్రం పొందిన ఒక లోపాన్ని పై అధికారి అనుమతి లేకుండా నిర్మూలించితివి. మూడు. లోపం లేకుండా చేయుట ద్వారా పర్యవేక్షణకు అవకాశం లేకుండా చేసి, నీకు అప్పగించిన విధులను పరోక్షంగా ఎగగొట్టితివి. ఏమంటావు?”

“కారు బాగైంది సార్.”

“అదే కదయ్యా నేను చదివింది.”

శేషుకుమారి గారు కంప్యూటరు తిప్పి చూపించారు. మా నంబరు కొడితే, ‘ఈ వాహనానికి రీకాల్ ఏదీ పెండింగులో లేదు’ అని పచ్చ అక్షరాల్లో వస్తోంది.

“సోమవారం రాష్ట్ర బృందం వస్తోంది,” అన్నారు ఆవిడ. “మన ఎర్ర అక్షరాలు చూడ్డానికే వస్తున్నారు. ఇది చూస్తే ఏమనుకుంటారు? మొదటి స్థానం కోసం లేని లోపం పుట్టించామనుకోరూ?”

పరాంకుశం గారు తల పట్టుకున్నారు. కాసేపటికి ఎత్తారు. ఆయన ముఖంలో మళ్ళీ ఆ వెలుగు కనిపించింది.

“యథాతథ స్థితి పునరుద్ధరించాలి. పాతది తెచ్చి మళ్ళీ బిగించండి. పైన స్వామిని కూర్చోబెట్టండి.”

ఆయన ఎదుటే స్పీకరు పెట్టి నస్రీన్‌కు ఫోన్ చేశాను.

“పాతదా సార్? అది ఆ సాయంత్రమే సీలేసి కంపెనీకి పంపేశాం. వచ్చినవన్నీ అక్కడ నాశనం చేసేస్తారు.”

“అటువంటిదే ఇంకొకటి సరఫరా చేయగలరా?” అన్నారు డైరెక్టరు గారు. “సదరు లోపంతో కూడినది.”

“ఎవరండీ మాట్లాడేది?” అంది నస్రీన్.

“భద్రతా ప్రబోధక సంస్థ డైరెక్టరును.”

“లోపం ఉన్నది కావాలా సార్ మీకు?”

“అదే తరహా లోపం. అసలైనదే ఉండాలి.”

“మా దగ్గర మంచివే ఉంటాయి సార్,” అని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

రాష్ట్ర బృందానికి వాయిదా కోరుతూ రాశారు. నా మీద చర్యను కూడా వాయిదా వేశారు, ఒక షరతు మీద. ఆ ఉత్తర్వు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ‘జిల్లాలోని పాత కార్లన్నింటిని గాలించి, ఒక్కొక్క వాహనం ఛాసిస్ నంబరును సేకరించి, వెబ్‌సైట్‌నందు పరిశీలించి, సదరు లోపం గల ఎయిర్‌బ్యాగ్‌ను సాధ్యమైనంత త్వరగా సంపాదించి కార్యాలయమునకు సమర్పించవలెను. అది లభ్యమగునంతవరకు శ్రీ అంకారావు ఇతర విధులకు హాజరు కానవసరం లేదు.’ పెట్రోలు ఖర్చు మంజూరు చేశారు. మస్తానయ్యను తోడు ఇచ్చారు.

కాగితం మీద ఫలానా పని చెయ్యమని ఉంది. చెయ్యడం మొదలుపెట్టాను.

టాక్సీ స్టాండుతో ప్రారంభించాం. తర్వాత సంత ఊళ్ళు, రొయ్యల చెరువుల దారులు, సెకండ్‌హ్యాండ్ బళ్ళు అమ్మే సందులు తిరిగాం. టేపు, పెన్సిలు, ఫోన్. నాలుగోరోజున ఖాజావలీ అనే టాక్సీ ఆయన కారుకు ఎర్ర అక్షరాలొచ్చాయి. విషయం చెప్పాను.

“ఈ సీట్లో మా ఆడమనిషి కూర్చుంటది సార్, పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకోని,” అన్నాడు. మళ్ళీ నంబరు కొట్టించుకుని చూశాడు. “ఎక్కడికి పోవాలన్నారు?”

డ్యాష్‌బోర్డు మీద అంటించుకున్న దర్గా పటాన్ని ఆయన అక్కడే గోటితో లేపి జేబులో పెట్టుకున్నాడు. అనుమతి ఎవరినీ అడగలేదు. షెడ్డులో ముప్పావుగంటలో కొత్తది బిగించారు. నేను నస్రీన్‌ను పద్ధతి ప్రకారం, తీసిన పాతది మా కార్యాలయానికి ఇవ్వమని అడిగాను. ఆ అమ్మాయి పద్ధతి ప్రకారం ఇవ్వనంది. ఆ సంగతి రాసి పంపాను. ‘లోపము దొరికినది. లోపభూయిష్ట భాగము దొరకలేదు.’

తర్వాత మిషన్ ఆసుపత్రి నర్సమ్మ గారి కారు దొరికింది. చేపల వ్యాపారి కారు దొరికింది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ పూలు కట్టించుకుని తిరిగే తెల్ల కారు ఒకటి దొరికింది. దాని ముందు సీట్లోనే పెళ్ళికొడుకుల్ని కూర్చోబెడతారట. దొరికినవాటన్నిటినీ షెడ్డుకు తీసుకెళ్ళాం. ప్రతిసారీ పాత భాగం అడిగాను. ప్రతిసారీ నస్రీన్ లేదంది. ప్రతిసారీ రాసి పంపాను. డైరెక్టరు గారు ప్రతి నివేదిక అడుగునా ఎర్ర సిరాతో, ‘ఫలితం శూన్యం. అన్వేషణ ముమ్మరం చేయవలెను’ అని రాసి తిప్పి పంపేవారు.

ముమ్మరం చేశాం. ఇప్పుడు పక్క మండలాలు కూడా తిరుగుతున్నాం.

మొన్న ఇంకో కారుకు కొత్తది బిగిస్తుంటే, షెడ్డు వరండాలో టీ తాగుతూ నస్రీన్ అడిగింది.

“ఇంకా ఎన్నాళ్ళు సార్ మీకీ డ్యూటీ?”

“పాడైపోయింది ఒకటి చేతికి దొరికేదాకా.”

“మేం ఇవ్వం కదా సార్. అది మీకెప్పటికీ దొరకదు.”

“నాకూ అలాగే అనిపిస్తోందమ్మా,” అన్నాను. “ఆ ముక్క మాత్రం ఇంకా పైకి రాయలేదు.”